చూడక్కర్లేని గడియారం

"చూడక్కర్లేకుండా దారి చెప్పే వాచీ ఉందా నాయనా?" అని నజీహా మూడో దుకాణంలో అడిగింది.

మొదటి రెండు దుకాణాలవాళ్ళు నవ్వారు. స్ఫాక్స్ బజారువాళ్ళకు ద్వీపం మనిషిని చూస్తే నవ్వు ఎలాగూ ఆగదు, చెప్పుల మీద ఎండిన ఉప్పు చూసే పోల్చేస్తారు. ఈ మూడో దుకాణం వజ్దీ మాత్రం నవ్వలేదు. కొట్టు తెరిచి రెండు నెలలే అయింది కాబట్టి వచ్చినవాళ్ళను చూసి నవ్వే స్తోమత ఇంకా రాలేదేమో.

"చూడకపోతే వాచీ ఎందుకు పిన్నీ?" అన్నాడు.

"మా ఆయనకి. సముద్రం మీద చేతులు ఖాళీ ఉండవు, ఆగి చూసుకునే తీరికెక్కడిది?"

అది అబద్ధం. కెర్కెన్నా ద్వీపం నుంచి ఫెర్రీ మీద వస్తూ గంటంపావు సేపు అల్లుకున్న అబద్ధం. నిజమేమిటంటే ఆమె మొగుడు హమ్మాదికి చూపు పోతోంది.

ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. పెళ్ళానికి అసలే చెప్పలేదు. పోయిన రంజాన్‌లో ఒక సాయంత్రం ఉపవాసం విడిచేటప్పుడు, ఖర్జూరాల పళ్ళెం అనుకుని గింజలు ఉమ్మేసిన పళ్ళెంలో చెయ్యి పెట్టాడు. నజీహా చూసింది, చూడనట్టే ఊరుకుంది. తర్వాత ఒక్కొక్కటే బయటపడింది. ద్వీపంలో ఆక్టోపస్‌లను పట్టే కుండల్ని సముద్రం అడుగున దించి, పైన గుర్తేదీ వదలరు. వదిలితే పక్కవాడు తెల్లారేలోగా ఎత్తుకుపోతాడు. మసీదు మినారు పాత కోట బురుజు వెనక దాక్కునే చోటు, జంట ఖర్జూరాలు ఒక్క చెట్టుగా కనిపించే చోటు, ఆ రెండు చూపులూ కలిసే దగ్గర కుండలు ఉంటాయి. ఆ లెక్క బుర్రలో ఉంటే చాలదు, కళ్ళుండాలి. గత నెలలో హమ్మాది రెండుసార్లు ఉత్తచేతులతో వచ్చాడు. ఇంకోసారి మూడు గంటలు ఆలస్యంగా వచ్చి వల ఇరుక్కుందన్నాడు. వల ఇరుక్కున్నవాడి చొక్కా చేతులు పొడిగా ఎందుకుంటాయి?

నేరుగా అడగొచ్చు కదా అనిపిస్తుంది. హమ్మాదిని ఎరిగినవాళ్ళకు అనిపించదు. అతని తండ్రి కంటి ఆపరేషన్‌కని ఒంటరిగా ఫెర్రీ ఎక్కి, తిరిగి ఒకరి చెయ్యి పట్టుకుని దిగాడు. పదకొండేళ్ళు రేవు కాఫీకొట్టు గోడవార కూర్చుని పరాయివాళ్ళ వలలు తడుముకుంటూ అల్లాడు. అప్పటినుంచీ ఇంట్లో కళ్ళ మాట ఎత్తితే హమ్మాది లేచి బయటికి పోతాడు. గట్టిగా అడిగితే పంతానికి గాలివానలో కూడా పడవ తీస్తాడు. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. అందుకే నజీహా భయాన్ని దిగమింగుకుని ఊరుకుంది. రోజూ తెల్లారి పడవ చప్పుడు దూరమైపోయేదాకా గుమ్మంలో నిలబడి వినేది. మధ్యాహ్నం ఆ చప్పుడు మళ్ళీ వినిపించేదాకా ముద్ద దిగేది కాదు.

వజ్దీ బల్లమీద మూడు వాచీలు పెట్టాడు. మొదటిది అద్దంలా మెరుస్తోంది, వేలితో తాకితే చాలు అన్నాడు. నజీహా టీగ్లాసు పక్కనున్న నీళ్ళలో వేలు ముంచి తాకింది. వాచీ ఉలకలేదు పలకలేదు.

"మా ఆయన వేళ్ళు పొద్దుటినుంచీ తడే. తియ్యి."

రెండోదానికి రంగురంగుల పటాలున్నాయి. రోజూ సాయంత్రం చార్జింగ్ పెట్టాలి. పెళ్ళికూతురిలా ముస్తాబై పొద్దుగూకేసరికి సొమ్మసిల్లే వాచీ ఆమెకు వద్దు. మూడోది నల్లగా, బండగా, తాబేలు పిల్లలా ఉంది. చుట్టూ ఐదు బొత్తాలు.

"దీనికి ఉప్పునీళ్ళంటే భయం లేదు," అన్నాడు వజ్దీ. "బయల్దేరేటప్పుడు ఈ పైబొత్తాం నొక్కాలి. పోయిన దారంతా గుర్తుపెట్టుకుంటుంది. తిరిగొచ్చేటప్పుడు కింది బొత్తాం నొక్కితే, అదే దారిలో, బయల్దేరినచోటికే తెచ్చి దింపుతుంది. కుడికి తిరగాలంటే చేతికి ఒకసారి తగుల్తుంది, ఎడమకి రెండుసార్లు. చేరగానే పొడుగ్గా మూడుసార్లు."

"నాకు పెట్టు. ఎలా తగుల్తుందో నేను చూడాలి."

నజీహా ఆ వాచీ పెట్టుకుని, దుకాణం గుమ్మంలో పైబొత్తాం నొక్కి, చేపల బజారు దాకా నడిచి, అక్కడ కింది బొత్తాం నొక్కింది. అప్పుడు కళ్ళు మూసుకుంది. ఇరవై అడుగులు వేసిందో లేదో పుదీనా అమ్మే ముసలామె బుట్టలో కాలు పెట్టింది.

"కళ్ళు నెత్తికెక్కాయా?" అని అరిచింది ముసలామె.

"నెత్తి మీదా లేవమ్మా, ఇవాళ అరువిచ్చేశాను," అంది నజీహా నవ్వుతూ. అని, కళ్ళు తెరవకుండానే బుట్ట దాటింది. హమ్మాది రోజూ ఇలాగే ఉన్నాడన్నమాట. జనం అరుపులు, బండి చక్రాలు, ఎటునుంచి ఏది వచ్చి మీద పడుతుందో తెలియని గాభరా. ఎడమచేతికి రెండుసార్లు తగిలింది, తిరిగింది. ఒకసారి తగిలింది, తిరిగింది. పొడుగ్గా మూడుసార్లు మోగాక కళ్ళు తెరిస్తే ఎదురుగా వజ్దీ గుమ్మం. ఆమెకు ఏడుపొచ్చింది. బేరమాడకుండా ఆమె జీవితంలో కొన్న వస్తువు అదొక్కటే.

"ఏంటిది, తాబేలా?" అన్నాడు హమ్మాది ఆ సాయంత్రం.

"గుండె ఎంత కొట్టుకుంటోందో లెక్కపెడుతుంది. యాభై ఎనిమిదొచ్చాయి నీకు. మొన్న పక్కవీధి తౌఫీక్ ఎలా పోయాడో చూశావుగా."

"వాడు తిండెక్కువై పోయాడు."

"నువ్వు పొగరెక్కువై పోతావు. పెట్టుకో. ఇంటినుంచి బయల్దేరగానే పైబొత్తాం నొక్కు. తిరిగొచ్చేటప్పుడు కింది బొత్తాం. దారి కూడా చెప్తుందిట, చేతికి తగుల్తూ. కుర్రకారుకి అదో సరదాట."

"దారా? నాకా?"

హమ్మాది వాచీని మణికట్టు మీద అటూ ఇటూ తిప్పాడు.

"సరదాయేగా," అన్నాడు చివరికి. "ఎలా తగుల్తుందో చెప్పు."

చెప్పింది. మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పింది. మూడోసారి కూడా చెప్పించుకున్నాడు. సరదా కోసం ఎవరూ అన్నిసార్లు అడగరు. మొదటిరోజు తనూ పడవెక్కి, ఎక్కడ నొక్కుతున్నాడో చూడాలని నజీహాకు నాలుక చివరిదాకా వచ్చింది. వస్తానంటే ఎందుకు అని అడుగుతాడు. ఎందుకో చెబితే ఇంతా చేసి కొన్న వాచీని సముద్రంలోకి విసిరేస్తాడు. దొంగకు తేలు కుట్టినట్టు అతనూ, ఆ దొంగను పట్టుకోలేక ఆమే, ఇద్దరూ వాచీని చూస్తూ కూర్చున్నారు.

వాళ్ళకు రెండు ఆస్తులున్నాయి. రేవు పక్కనే మూడు గదుల కొంప ఒకటి, దాని ఎదురుగా సముద్రంలో ఒక ముక్క ఒకటి. ద్వీపంలో సముద్రానికి కూడా పొలంలాగే హద్దులూ దస్తావేజులూ ఉంటాయి. ఏటా అక్టోబరులో ఒడ్డు దగ్గర మోకాలిలోతు నుంచి నీటి అడుగున లోతుగా సాగే కాలువ అంచుదాకా, ముక్కాలు కిలోమీటరు పొడవున, ఖర్జూరపు మట్టలు గుచ్చి, తాళ్ళతో ముడేసి గోడ కడతారు. నీళ్ళు వెనక్కి తీసే ఆటు మొదలయ్యాక చేపలు ఆ గోడవెంబడే పోయి చివరనున్న బోనులో పడతాయి. లోతువైపు సగం హమ్మాది కడతాడు, ఒడ్డువైపు సగం నజీహా. నజీహాది ఎడంచేతి వాటం. ఆమె ముడి అందరి ముడికీ తిరగబడి ఉంటుంది. "మా తమ్ముడి గోడకి సగం దరిద్రం చుట్టబెట్టింది," అని ఆడపడుచు మన్నూబియా ఇరవై ఏళ్ళుగా సణుగుతూనే ఉంది. చేపలకు మాత్రం ఆ పట్టింపు లేదు.

ఆ బోను వాకిలి దాటితేనే వాళ్ళ లెక్కలో ప్రయాణం. బిస్మిల్లా కూడా అక్కడే అంటారు. అంతవరకూ ఇంట్లో ఉన్నట్టే. నడుంలోతు నీళ్ళలో పడవ తోస్తూ ఫోనెత్తి, "ఇంట్లోనే ఉన్నా, చెప్పు," అంటాడు హమ్మాది. అది అబద్ధమని ద్వీపంలో ఎవరూ అనుకోరు.

వాచీ వచ్చాక నాలుగు రోజులు పండగలా గడిచాయి. హమ్మాది వేళకు వచ్చాడు. దారి తప్పుతానన్న బెంగ లేక కుండలు తీరిగ్గా వెతుక్కున్నాడేమో, రెండోరోజు తొమ్మిది ఆక్టోపస్‌లు తెచ్చి వాకిట్లో తీగమీద ఆరేశాడు. "గుండె బాగుందిట," అని మణికట్టు చూపించి నవ్వాడు. నాలుగోరోజు నజీహా పొద్దున్నే కడుపునిండా బార్లీరొట్టె తింది. ఇక భయం లేదనుకుంది.

ఐదోరోజు పొగమంచు దిగింది.

అతను బయల్దేరినప్పుడు ఆకాశం శుభ్రంగా ఉంది. ఎనిమిదయ్యేసరికి పక్కింటి గోడ కనపడకుండా పోయింది, తర్వాత వాకిట్లో తీగ పోయింది. నజీహా శాలువా కప్పుకుని రేవుకు పరిగెత్తింది. నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో కాలికి తడి తగిలితే గానీ తెలియలేదు. వెళ్ళిన ఆరు పడవల్లో ఒకటొకటిగా ఐదు వచ్చాయి. వచ్చినవాళ్ళందరినీ అడిగింది. హమ్మాదిని చూశామన్నవాళ్ళు లేరు. మళ్ళీ వెళ్ళి వెతుకుతామన్నవాళ్ళను పెద్దవాళ్ళు ఆపారు, ఈ మంచులో పడవలు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయని.

"ఎందుకే అలా వణుకుతావ్?" అంది మన్నూబియా, కర్ర పొడుచుకుంటూ వచ్చి. "మా తమ్ముడు కళ్ళు మూసుకున్నా ఇంటికొస్తాడు."

"ఆ మాట అనకు వదినా!"

మన్నూబియా తెల్లబోయింది. మరదలు ఆమెమీద గొంతెత్తడం ఎన్నడూ లేదు.

పదింటికి నజీహా ఫోను మోగింది.

"వచ్చేశాను," అన్నాడు హమ్మాది హుషారుగా. "టీ పెట్టు. దిగుతున్నా."

"ఎక్కడికొచ్చావ్?"

"ఎక్కడికేంటి, రేవుకి. పొడుగ్గా మూడుసార్లు కొట్టిందిగా. ఇంజను ఆపేశా, ఒక కాలు బయట పెట్టా కూడా."

నజీహా చుట్టూ చూసింది. తెలుపు తప్ప ఏమీ లేదు. చెవులు రిక్కించింది. ఇంజను చప్పుడు ఇందాకటినుంచీ ఏ వైపునుంచీ రాలేదు.

"నేను రేవులోనే ఉన్నా హమ్మాదీ. నువ్విక్కడ లేవు."

అటునుంచి పడవ చెక్కకు నీళ్ళు తగిలే చప్పుడు వచ్చింది.

"మంచు కదా, నీకు కనపడట్లేదు," అన్నాడు.

"నాకు చెవులున్నాయి! ఆ కాలు లోపల పెట్టు. నీకు దండం పెడతా, దిగకు!"

"అరవకు. పెట్టాన్లే."

"పైబొత్తాం ఎక్కడ నొక్కుతున్నావ్ రోజూ?"

"నువ్వు చెప్పినట్టే. ఇంటినుంచి బయల్దేరగానే. బిస్మిల్లా అంటాను, నొక్కుతాను."

నజీహాకు అప్పుడు వెలిగింది. బోను వాకిట్లో నొక్కుతున్నాడు. వాచీ తప్పేమీ లేదు. బయల్దేరినచోటికి, అంటే ఒడ్డుకు ముక్కాలు కిలోమీటరు అవతలికి, బుద్ధిగా తెచ్చి దింపింది. మిగతా రోజుల్లో అక్కడినుంచి ద్వీపం నల్లటి ముద్దలా కంటికి ఆనేదేమో, దాన్ని పట్టుకుని వచ్చేశాడు. ఇవాళ ఆ ముద్ద కూడా లేదు. వాకిలి పక్కనే కాలువ, నాలుగు నిలువుల లోతు. తొడలదాకా రబ్బరు బూట్లు వేసుకున్న మనిషి అందులో దిగితే బూట్లలోకి నీళ్ళు నిండి రాయిలా మునుగుతాడు.

ఆమెకు తనమీదే అసహ్యం వేసింది. రేవులో నిలబెట్టి, చెయ్యి పట్టుకుని, ఇదిగో ఇక్కడ నొక్కు అని చెప్పాల్సింది. ఇంత చిన్న మాట నోటినుంచి రానివ్వకుండా ఇద్దరూ కలిసి ఎంత జాగ్రత్తగా కాపాడుకున్నారు!

"నువ్వు బోను వాకిట్లో ఉన్నావ్," అంది. "తెడ్డు చాపు. మట్టలు తగుల్తున్నాయా?"

"నీళ్ళే."

"రెండోవైపు?"

"నీళ్ళే నజీహా. ఆటు లాగుతోంది. పడవ పోతోంది."

అతని గొంతులో భయం వినడం ఆమెకు ముప్పై రెండేళ్ళ కాపురంలో అదే మొదటిసారి.

"ఇంజను వెయ్యి. కింది బొత్తాం మళ్ళీ నొక్కు. అది వాకిటికే తెస్తుంది. చేతికి తగిలినట్టే తిరుగుతూ పో, మూడు కొట్టగానే గోడ వెతుక్కో. గోడ దొరికితే వదలకు. హమ్మాదీ? వింటున్నావా?"

ఫోను తెగిపోయింది. మళ్ళీ చేస్తే మోగలేదు. ఎంతవరకు విన్నాడో తెలియదు.

కాసేపటికి దూరంగా ఇంజను పలికింది. కుడివైపు అనిపించింది, తర్వాత ఎడమవైపు. మంచులో చప్పుడుకు దిక్కుండదు. తగ్గింది, పెరిగింది, ఉన్నట్టుండి ఆగిపోయింది. మూడు కొట్టి ఆపాడో, దేన్నైనా గుద్దుకుని ఆగిందో. నజీహా వంద లెక్కపెట్టింది, ఇంకో వంద లెక్కపెట్టింది. ఏమీ వినిపించలేదు.

అప్పుడు ఇంటికి పరిగెత్తి, మసాలా దంచే ఇత్తడి రోలూ రోకలీ తెచ్చి మన్నూబియా ముందు పడేసింది.

"దంచు వదినా."

"ఏం దంచను? ఇందులో ఏముంది?"

"ఉత్తదే దంచు. ఆపకు. ఒడ్డెటుందో ఆయనకి తెలియాలి."

"మంచులో ఒడ్డు కనపడకపోతే ఆగి ఉంటాడే, వాడేం పసివాడా..."

"దంచు!"

మన్నూబియా దంచింది. ఖంగు ఖంగుమని ఆ మోత తెల్లటి గాలిలోకి పోయింది. నజీహా చెప్పులు వదిలేసి నీళ్ళలోకి నడిచింది. ఫిబ్రవరి నీళ్ళు ఎముకలు కొరికాయి. తడుముకుంటూ పోయి, గోడ మొదట్లో ఉన్న మట్టను పట్టుకుని నిలబడింది. ఇక్కడికి మించి వెళ్ళి చేసేదేమీ లేదు. గోడమీద అరచెయ్యి ఆనించింది. గోడ కదులుతోంది. అలకు ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది. ఇది అల కదలికో, మనిషి కదలికో అని చేతితో వినడానికి ప్రయత్నించింది. చేప తగిలినా ఇలాగే ఉంటుంది. అతను పడవలో కూర్చుని ఒక్కొక్క మట్టా పట్టి లాక్కుంటూ వస్తున్నాడనుకుంది. మరుక్షణం, ఖాళీ పడవ సముద్రంలోకి కొట్టుకుపోతోందనుకుంది. దేవుడికి ఏవేవో మొక్కింది. కళ్ళ మాట ఆ పొద్దున్నే అడిగేసి ఉంటే అలిగి ఇంట్లో పడుకునేవాడు కదా, అలిగిన మొగుడు ఎంత మంచివాడు అనుకుంది.

గంట దాటింది. వెనక రోలు మోత నెమ్మదించింది, మన్నూబియా చేతులు పడిపోతున్నట్టున్నాయి, కానీ ఆగలేదు. నజీహాకు మోకాళ్ళకింద కాళ్ళున్నాయో లేవో తెలియడం లేదు.

గోడ ఒక్కసారి గట్టిగా ఊగింది. మళ్ళీ ఊగింది. అల ఇలా ఆగి ఆగి లాగదు.

"హమ్మాదీ!"

"ఆ," అంది మంచు.

ముందు అతని చెయ్యి కనిపించింది, మట్టను పట్టుకుని. తర్వాత పడవ ముక్కు, తర్వాత అతను. అరచేతులు చీరుకుపోయి నెత్తురు కారుతున్నాయి. మోకాలిలోతులోకి రాగానే పడవ దిగి, గోడను వదలకుండానే నిలబడ్డాడు. నజీహా అతని చొక్కా పట్టుకుంది. కొడుతుందో కౌగిలించుకుంటుందో ఆమెకే తెలియలేదు, రెండూ చేసింది.

ఒడ్డుకు తెచ్చి కూర్చోబెట్టాక కూడా అతని పళ్ళు టకటక కొట్టుకుంటూనే ఉన్నాయి.

"గోడ దొరికింది కానీ మధ్యలో ఎక్కడో తగులుకున్నా," అన్నాడు. "పడవ గిర్రున తిరిగింది. ఒడ్డుకి పోతున్నానో బోనుకి పోతున్నానో తెలీలేదు. ఆ మోత అన్నివైపులనుంచీ వస్తోంది. చేతికి తగిలినవన్నీ నేను వేసిన ముడులే. ఏది వస్తే అదే రానీ అని లాక్కుంటూ పోయా." చీరిన అరచెయ్యి ఆమెవైపు తిప్పాడు. "అప్పుడు నీ ముడి తగిలింది. ఎడంచేతి ముడి. దానికి తల ఆనించి ఏడ్చాను."

మన్నూబియా రోకలి కింద పెట్టింది. ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఆ ముడి గురించి ఆమె ఏమీ అనలేదు.

"ఎంత మంచు!" అంది నజీహా. అలవాటైన నోరు, ఇప్పుడు కూడా అతనికి దాక్కునే చోటు చూపించింది. "ఈ మంచులో ఎవరికి మాత్రం కనపడుతుంది?"

హమ్మాది మణికట్టు ఆమె ముందుకు చాపాడు.

"ఇది గుండె లెక్కపెడుతుందన్నావుగా. ఎంతుందో చదువు."

"నువ్వే చూసుకోరాదూ," అనేసింది, అని నాలుక కరుచుకుంది.

"నాకు కనపడదు నజీహా." అక్క వింటోందని తెలిసే అన్నాడు, గొంతు తగ్గించకుండా. "మంచు లేనిరోజు కూడా కనపడదు. నువ్వు చదువు."

నజీహా అతని చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, అద్దం మీది ఉప్పు కొంగుతో తుడిచింది.

"నూట ఇరవై ఆరు."

"ఎక్కువా?"

"ఎక్కువే."

అతను తడుముకుంటూ పట్టీ విప్పి, ఆమె ఎడమ మణికట్టు వెతికి పట్టుకుని, దానికి చుట్టాడు. నెత్తురు వేళ్ళతో బిగించడానికి చాలాసేపు పట్టింది. ఆమె కదలకుండా కూర్చుంది.

"ఇప్పుడు నీది చదువు. అబద్ధం చెప్పకు."

"నూట నలభై ఒకటి."

"అమ్మో. నీళ్ళలో కొట్టుకుపోయింది నేను, నీకెందుకే అంత?"

"పోయిన రంజాన్నుంచీ ఇంతే," అంది నజీహా.